కడప వైరస్సా, కర్నూలు వైరస్సా

మా ఆయన కడప నుంచి కుక్కపిల్లను తెచ్చిన రోజు నేనేమీ మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మా ఇంట్లో ఎంత అరుదంటే, ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకోలేదు, భయపడినాడు. వైరు బుట్టలో పాత లుంగీ పరిచి, పిల్లను అందులో పడుకోబెట్టి, పైన తువ్వాలు కప్పి, మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా బస్సులో కర్నూలు దాకా పట్టుకొచ్చినాడు. కండక్టరు ఏముందప్పా బుట్టలో అని అడిగితే కాకరకాయలు అన్నాడంట. నంద్యాల దాటినాక కాకరకాయలు కుయ్యిమన్నాయంట. ఇంత బతుకు బతికి కండక్టరుకు అబద్ధం చెప్పినావు సరే, నాకు ఏమని చెప్పబోతున్నావు అని అడుగుదామనుకున్నా. అడగలేదు. ఆయన ముఖంలో పిల్ల ఉంది, పిల్ల ముఖంలో ఆయన ఉన్నాడు. ఇద్దరూ ఒకే రకంగా చూస్తున్నారు.

పిల్లను ఇచ్చింది మా వదిన. వదిన అంటే మా ఆయనకు అక్క. కడపలో ఉంటుంది. భర్త పోయినాక ఆ ఇంట్లో ఒక్కతే. ఒక వీధికుక్క ఆమె పంచన చేరి రెండు పిల్లల్ని ఈని, అవి కళ్ళు తెరిచి నాలుగడుగులు వేయడం నేర్చేలోపల రోడ్డు మీద లారీ కింద పడి పోయింది. వదిన దూదివత్తితో పాలు తాపి, ఆ రెంటినీ సాకింది. ఆడపిల్లను తాను పెట్టుకుని, మగపిల్లను తమ్ముడికి ఇచ్చింది. పశువుల డాక్టరు దగ్గర రెంటికీ ఒక సూది కూడా వేయించింది. రోజూ ఫోన్లో ముందు తన పిల్ల సంగతి, తర్వాత మా పిల్ల సంగతి, ఆ తర్వాత తమ్ముడి సంగతి మాట్లాడేది. నా సంగతి రాకముందే ఛార్జింగు అయిపోయేది. ఆ ఆడపిల్ల వచ్చినాక ఆమె అన్నం రెండు పూటలా వండుకుంటోందని మా ఆయన చెప్పినాడు. అంతకు ముందు పొద్దున వండిందే రాత్రికి తినేదంట. అందుకే ఆ పిల్ల జోలికి మాత్రం నా నోరు పోలేదు.

మా ఇంట్లో గడప దాటి లోపలికి రాకూడనివి రెండు. ఒకటి చెప్పులు, రెండోది కుక్క. ఈ రెండో నియమం అప్పటికప్పుడు పెట్టింది, అయినా మొదటిదానంత గట్టిగా అమలు చేసినా. ఇల్లు ఎట్లుండాలో నాకు తెలుసు. బేతంచెర్ల బండల మీద ఫినాయిల్ వేసి తుడిస్తే ముఖం కనబడాలి. కాబట్టి పిల్లకు బయట వరండాలో, మెట్ల పక్కన, ఎండ తగలని మూలలో గోనెసంచి పరిచినాం. వీధిలో వాళ్ళు దాన్ని కడపోడు అని పిలవడం మొదలుపెట్టినారు. కడపోడు తిన్నాడా, కడపోడు పడుకున్నాడా. మా ఆయన కూడా కడపోడే కదా, ఒక్కోసారి ఎవరి గురించి అడుగుతున్నారో తెలిసేది కాదు. తిన్నాడు అని చెప్తే ఇద్దరికీ సరిపోయేది.

మా వీధి సంగతి చెప్పాలి. కొత్త మనిషి వచ్చినా, బండి కొన్నా, బిడ్డ పుట్టినా, జ్వరం వచ్చినా, పోయి చూసి రావాలి. పోకపోతే మాట పడాల్సి వస్తుంది. పక్కింటామె, మేమంతా పెద్దక్క అంటాం, బట్టల అంగడి ఇంటామె, ఈ చూసి రావడంలో అందరికంటే ముందుంటుంది. కడపోడు వచ్చిన సాయంత్రమే వచ్చి, దాని చెవులు ఎత్తి చూసి, కాళ్ళు పట్టి చూసి, పెళ్ళిచూపుల్లో చూసినట్టు నడిపించి చూసి, ఫరవాలేదు అని తేల్చింది. తర్వాత వారం వారం వచ్చేది. ఒకసారి వచ్చినప్పుడు వెనక వీధిలో వాళ్ళ తెల్ల బొచ్చుకుక్క పోయిందని, తాను పోయి వాళ్ళను మాట్లాడించి వస్తున్నానని చెప్పి, కడపోడి తల నిమిరి, పాపం దాని వయసే అని కళ్ళు ఒత్తుకుంది.

అది జరిగి కొన్నాళ్ళకు కడపోడు అన్నం ముట్టలేదు. ఎండకు అనుకున్నాం. మరునాడు వాంతులు. ఆ తర్వాత రక్తం కలిసిన విరేచనాలు, వరండా అంతా వాసన. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్ళు మర్చిపోరు. మా ఆయన గోనెసంచి పక్కన గొంతుక్కూచుని లేవనంటాడు. పెద్దక్క వచ్చి దిష్టి అంది. ఎదురింటాయన వేడి చేసింది, మజ్జిగ పోయండి అన్నాడు. నేను వదినకు ఫోన్ చేసి, నీ కడప నుంచి ఏం రోగం అంటించి పంపినావు అని అడిగేసినా. మామూలుగా ముందు బాగుండావా అని అడగాలి. అది మర్చిపోయినా.

ఆమె ఊరుకునే మనిషి కాదు. తన దగ్గర ఉన్నన్ని దినాలు బంతి మాదిరి ఎగిరిందని, మీ కర్నూలు నీళ్ళు పడలేదని, పడమటి గాలి కొట్టే ఊళ్ళో మనుషులకే ఆరోగ్యం ఉండదని, ఇంక కుక్కకు ఎట్లుంటాదని తిరగబడింది. నేను కడప ఎండల సంగతి ఎత్తినా. ఆమె మా తుంగభద్ర నీళ్ళ రంగు ఎత్తింది. రెండు జిల్లాల నైసర్గిక స్వరూపం పూర్తయ్యేసరికి, పశువుల ఆసుపత్రి మూసే వేళ అవుతుందని మా ఆయన బుట్ట పట్టుకుని గేటు దగ్గర నిలబడినాడు.

ఆసుపత్రిలో మా ముందు రెండు మేకలు, ఒక బర్రె ఉన్నాయి. డాక్టరమ్మ నా వయసామె. నా మాదిరే నోరున్న మనిషి అని మొదటి మాటకే అర్థమైంది. కడపోడి కనురెప్ప కిందికి లాగి చూసి, ఒక చిన్న పరీక్ష చేసి, పార్వో అంది, కుక్కపిల్లల పేగులను తినే వైరస్ అంట. నేను ఒప్పుకోలేదు. కడపలో సూది వేయించినాం కదా అన్నా. ఒక సూదితో అయిపోయేదైతే రెండోది, మూడోది ఎందుకు రాస్తాం తల్లీ అంది. పసిపిల్ల ఒంట్లో తల్లి ఇచ్చిన రక్షణ ఇంకా మిగిలుంటే అది సూదిమందును కూడా శత్రువనుకుని తినేస్తుందంట. తల్లి రక్షణ తగ్గిపోయి, సూది రక్షణ ఇంకా కుదురుకోని సందు ఒకటి ఉంటుందంట. ఆ సందులోకి రోగం దూరిందన్నమాట.

నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివినా. ఎవరైనా ఒప్పుకుంటారా లేదా అన్నది వేరే సంగతి. వైరస్ రకాలు మార్చుకుంటుంది కదా, పాత మందు కొత్త రకానికి పనిచేయలేదేమో అని శాస్త్రం మాట్లాడినా. డాక్టరమ్మ సూది ఎక్కిస్తూనే జవాబు చెప్పింది. రకాలు ఉన్నాయి, రెండు ఎ, రెండు బి, రెండు సి అంటారు, కానీ ఇప్పుడున్న మందులు అన్నిటికీ అంతో ఇంతో అడ్డం పడతాయి, నీ సూదుల తప్పును రకం మీదికి నెట్టొద్దు అంది.

వదిలిపెడతానా, రకాల మధ్య తేడా ఏందని అడిగినా. ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తా. వైరస్‌కు ఒక పైతొడుగు ఉంటుంది. ఆ తొడుగులో ఒకే ఒక చోట ఒక ముక్క మారితే ఎ కాస్తా బి అవుతుంది, ఇంకో ముక్క వస్తే సి అవుతుంది. అంతే. చెనిక్కాయల చట్నీ అన్నిళ్ళల్లో ఒకటే, మా ఇంట్లో ఎండుమిరపకాయ వేస్తే వదిన ఇంట్లో పచ్చిమిరపకాయ వేస్తుంది, ఆ ఒక్కదానికే పాతికేళ్ళుగా ఇద్దరం ఎవరి చట్నీ అసలుదో తేల్చుకోలేకపోతున్నాం కదా, అట్లా. పిల్లుల్లో ఉండే ఇట్లాంటి రోగం నుంచే ఇది కుక్కల్లోకి వచ్చినట్టుందని, నేను పుట్టినాక చాన్నాళ్ళకు గానీ లోకంలో లేదని కూడా చెప్పింది. నాకంటే చిన్నదా అని అడిగినా. చిన్నదే, కానీ నీకంటే ఎక్కువ ఊళ్ళు తిరిగింది అంది. నేను తిరుపతి దాటి పోయింది తక్కువ.

ఎవరో పరిశోధన చేసేవాళ్ళు ఊరూరా ఈ వైరస్ ఏ రకమో చూడటానికి నమూనాలు అడుగుతున్నారని, కడపోడిది కూడా పంపుతానని చెప్పింది. పంపండి, కడపదో కర్నూలుదో తేలిపోవాల అన్నా. ఆమె చేయి ఆగింది.

"దీంతో పుట్టింది ఇంకొకటి ఉండాదా?"

కడపలో ఉందని చెప్పినా.

"బాగుండాదా?"

నిన్నటిదాకా బాగుందని చెప్పినా.

"అయితే నువ్వు గెలవాలని కోరుకోవాకు. రోగం కడపలోనే తగిలుంటే దానికీ తగిలుంటాది, ఈ పూటో రేపో పడుకుంటాది. ఈడ తగిలుంటే అది బతికినట్లే. దాన్ని మాత్రం జాగ్రత్తగా చూసుకోమను."

దారంతా మా ఆయన బుట్టను ఒళ్ళోంచి దించలేదు. ఆటోలో నేను వదిన గొంతు తలుచుకుంటూ కూచున్నా. రెండు పూటలా వండుకునే అన్నం తలుచుకున్నా. ఇంటికి వచ్చి ఫోన్ చేసి, పార్వో అని, నీ పిల్ల ఎట్లుందని అడిగినా. ఆడుకుంటా ఉండాది అంది. తర్వాత మళ్ళీ మీ కర్నూలుదే అని మొదలుపెట్టింది. ఇది మామూలు పౌరుషం అనుకుని నేను శాంపిల్ పోయింది, సైన్సు చెప్తుంది అన్నా. నా మొదటి ఫోను తర్వాత ఆమె కూడా అక్కడి డాక్టరును అడిగినట్టుంది, రోగం కడపదైతే నీ పిల్లకూ తగిలుంటాదని ఆయనా చెప్పినట్టున్నాడు.

"కర్నూలుదే అని ఒక్క మాట అను మ్మే. నీ నోటితో అను."

ఆ గొంతులో వాదన లేదు. కానీ నా నాలుకకు ఆ మాట అలవాటు లేదు. చూద్దాంలే వదినా అని పెట్టేసినా.

కడపోడికి సెలైన్ ఎక్కించాలి. రోజూ ఆసుపత్రిలో ఎక్కించి, మిగిలింది ఇంట్లో చూసుకోమన్నారు. వరండా కిటికీ ఊచలకు సెలైన్ సీసా కట్టినాం. దానికి ఆకలి లేదు, తల ఎత్తలేదు. నేను చెంచాతో చక్కెర, ఉప్పు కలిపిన నీళ్ళు తాపితే నా వైపు ఒక చూపు చూసేది. దాని చుట్టూ ఫినాయిల్ వేసి తుడిచినా అది ఏమీ అనలేదు, వరండా పాడు చేస్తోందని నేనే అంతకుముందు దాన్ని చాలా అన్నా. అందుకే ఆ చూపు నచ్చేది కాదు. ఎందుకట్లా చూస్తావు, తాగు అని కసిరేదాన్ని. తాగేది.

సెలైన్ సీసా కిటికీకి కనబడేసరికి వీధంతా కదిలింది. పెద్దక్క బ్రెడ్డు ప్యాకెట్టుతో వచ్చింది. కుక్క రక్తం కక్కుతూ ఉంటే బ్రెడ్డు ఎవరికని అడిగితే, చూడటానికి వట్టి చేతుల్తో ఎట్లా వస్తామమ్మా అంది. ఇంకొకాయన లేత టెంకాయ తెచ్చినాడు. ఒకామె పాత బట్టలతో దిష్టి తీసి పోయింది. కడపోడు ఒక్కడు పడుకుంటే వరండాలో పదిమంది నిలబడి, ఎవరి కుక్క ఎప్పుడు ఎట్లా పోయిందో చెప్పుకునేవాళ్ళు. పార్వో గురించి ఎవరికీ తెలియదు కానీ అందరి కుక్కలూ దాంతోనే పోయినట్టున్నాయి. టీలు పెట్టలేక నాకు నీరసం వచ్చింది. సెలైన్ నాకు కూడా ఒకటి పెట్టమని మా ఆయనతో అన్నా.

ఒకరోజు పొద్దున పది దాటినాక గేటు ముందు ఆటో ఆగి వదిన దిగింది. కడప నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చింది. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు. ఈమె కూడా. పిల్లను ఎదురింటామెకు అప్పజెప్పి వచ్చినానని, సాయంత్రం బస్సుకే పోతానని చెప్పి, వరండాలో చెప్పులు విడిచి, కడపోడి పక్కన నేల మీద కూలబడింది. దాని తల ఒళ్ళోకి తీసుకుని, యాడ తగిలింది నాయనా నీకు అని అడిగింది. అది తోక కొన ఒక్కసారి కదిపింది. అంతవరకు దాని తోక ఉన్నట్టే మేము మర్చిపోయినాం.

మధ్యాహ్నం ఆమె లోపల భోంచేస్తుంటే, నేను నీళ్ళు తాపడానికి వరండాలోకి పోయినా. కడపోడు గోనెసంచి మీద లేడు. కాస్త బలం వచ్చినట్టుంది, నాలుగడుగులు జరిగి, వదిన విడిచిన చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుని ఉన్నాడు. ఆమె వాసన కోసం పోయినట్టున్నాడు. మూతి చెప్పు వారులోకి దూర్చినాడు. కొత్త చెప్పులు, మెరూన్ రంగువి. నేను చెంబు పట్టుకుని అట్లే నిలబడినా.

ఆ మెట్ల పక్క మూల కుక్కకు ఇచ్చింది ఎందుకు? లోపలికి రాకూడదు కాబట్టి. చెప్పులు విడిచేది ఎక్కడ? అదే మూలలో, లోపలికి రాకూడదు కాబట్టి. వీధిలో తిరిగి వచ్చిన ప్రతి చెప్పూ నా ఇంటి శుభ్రతకు భయపడి, ఆ పిల్ల ముక్కు ముందు దిగింది. వెనక వీధి తెల్లకుక్క పోయిన ఇంట్లో అడుగుపెట్టిన పెద్దక్క చెప్పులు కూడా. ఆ రోజు ఆమె ఆ ఇంటి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చింది. మందు రాసిస్తూ డాక్టరమ్మ చివర్లో చెప్పిన మాట నేను సగమే విన్నా. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి చావదు, సబ్బుకు చావదు, ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్ పౌడరు నీళ్ళకే చస్తుంది. ఆ లెక్కన మా బండలు ముఖం చూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

ఇప్పుడు సంగతి వదిన చెప్పులది. ఆ చెప్పులతో ఆమె సాయంత్రం బస్సెక్కి, కడపలో దిగి, ఇంట్లోకి పోతుంది. అక్కడ చెప్పులు విడిచే చోట ఆమె రాక కోసం ఒక పిల్ల కూచుని ఉంటుంది.

లోపలికి పోయి చెప్పినా. నీ చెప్పులు ఈడనే విడిచిపెట్టి పో వదినా అన్నా. ఆమె ముద్ద చేతిలో ఉండగానే ఆగింది. ఇంటి ఆడపడుచును వట్టి కాళ్ళతో పంపుతావా అని అడిగింది. మా ఆయన ముఖం కిందికి దించుకున్నాడు. నేను కారణం చెప్పినా, వైరస్ చెప్పినా, మట్టి చెప్పినా, బ్లీచింగ్ పొడి చెప్పినా. ఆమెకు అందులో వినబడింది ఒకటే, నీ చెప్పులు గలీజు అని. సరే అని ఇంకో దారిలో పోయినా. చెప్పులు వదిలేస్తే శని వదుల్తుందంటారు కదా, గుడి దగ్గర అందుకే కదా వదుల్తారు, ఈడ వదిలిపో అన్నా. డిగ్రీ చదివిన నోటితోనే అన్నా.

"నా శనిని తమ్ముడింట్లో వదిలిపొమ్మంటావా?"

దానికి మా ఆయనకు నవ్వొచ్చి పొలమారింది. నాకు నవ్వు రాలేదు. వదిన చేయి కడుక్కుని, వరండాలోకి పోయి, చెప్పులు వేసుకోబోయింది. నేను అడ్డం నిలబడినా. ఇంక ఒక్కటే దారి మిగిలింది.

"వదినా, రోగం కడపది గాదు. మాది. కర్నూలుది. మా వీధిది, ఈ వరండాది. నీ పిల్లకు ఇంకా తగల్లేదు. ఈ చెప్పులతో పోతే తగుల్తాది."

ఆ మాట అంతకుముందు నా నోటి నుంచి ఆమె అడుక్కుంది. ఇప్పుడు వచ్చినాక ఆమెకు నచ్చలేదు. ఒక కాలు చెప్పులో, ఒక కాలు బండ మీద పెట్టి ఆలోచించింది. కర్నూలుదే అయితే చెప్పులు పోతాయి. అవి మామూలు చెప్పులు కావు, తమ్ముడు పోయిన నెల కడపకు వచ్చినప్పుడు తానే నచ్చి కొనిచ్చినవి. నిదానంగా, ఏమో మ్మే, మా వీధిలో కూడా ఒక కుక్కకు అప్పట్లో ఇట్లే వచ్చినట్టు గుర్తు, కడపదే అయ్యుంటాది అంది.

నేను కాదన్నా. కర్నూలుదేనని, కడపలో తగిలుంటే కడపోడు ఇన్నాళ్ళు ఎగురుతూ ఉండేవాడు కాదని, డాక్టరమ్మ లెక్కన నీ పిల్ల కూడా ఈపాటికి పడుకుని ఉండేదని వాదించినా. ఆమె కడప నీళ్ళు కూడా ఏమంత మంచివి కావంది. నేను తుంగభద్రను తిట్టినా. ఆమె కడప ఎండలను తిట్టింది. అప్పుడే పక్కింటి నుంచి పెద్దక్క గోడ మీద తల పెట్టి, ఈ ఇద్దరూ ఎవరి ఊరిని వాళ్ళే తిట్టుకుంటున్నారేందని మా ఆయనను అడిగింది. ఆయన నాకూ తెలీదు పెద్దక్కా అన్నాడు.

చివరికి కడపోడే తేల్చినాడు. మళ్ళీ లేచే బలం లేకపోయినా పొట్ట ఎగిరి, వదిన వేసుకున్న చెప్పు మీద, వేలి పక్కనే వాంతి చేసుకున్నాడు. వదిన కాలు వెనక్కి తీసుకోలేదు. వంగి దాని వీపు నిమిరింది. తర్వాత చెప్పు విడిచి, రెండిటినీ నా ముందుకు కాలితో తోసి, ఏం పొడో తే, ఎట్ల కలపాల్నో చెప్పు అంది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

బకెట్టులో బ్లీచింగ్ పౌడరు కలిపినాం. చెప్పులు ముంచినాం. మెరూన్ రంగు నా కళ్ళ ముందరే ఎర్రమట్టి రంగైంది, తర్వాత ఏ రంగో చెప్పలేని రంగైంది. కాళ్ళు కూడా మోకాళ్ళ దాకా కడుక్కుని, చీర మార్చుకుని, నాది ఒకటి కట్టుకుంది. ఆమెకు నా చీరలు నచ్చవు, ఆ రోజు నచ్చినాయో లేదో అడగలేదు. మా ఆయన అంగడికి పోయి కొత్త చెప్పులు తెచ్చి, డబ్బాలోంచి తీయకుండానే ఆటో దాకా మోసి, ఆటోలో కూచున్నాక అక్క కాళ్ళు ఇంకోసారి బ్లీచింగ్ నీళ్ళతో కడిగి తొడిగినాడు. ఆమె వట్టి కాళ్ళతో గేటు దాకా నడిచింది. ఇంటి ఆడపడుచు అట్లా పోవడం వీధంతా చూసింది. మరునాటికి నేను ఆమెను చెప్పుల్లేకుండా వెళ్ళగొట్టినానని పేరు వచ్చింది. పెద్దక్క దాన్ని ఒక వారం మోసింది.

పెద్దక్కకు నేను చెప్పాల్సింది చెప్పినా. ఇంక కుక్కలను చూసి రావడం మాని, కావాలంటే ఫోన్ చేసి అడగమన్నా. కుక్కకు ఫోన్ చేసి ఏం అడగాల అంది. వాళ్ళ ఇంటివాళ్ళను అడగమన్నా. వీధిలో ఉన్న ప్రతి పిల్లకు సూది వేయించమని ఇంటింటికీ తిరిగి చెప్పినా, చెప్పులు రోగం మోస్తాయని వట్టి కాళ్ళతో, గేటు గేటుకూ కాళ్ళు కడుక్కుంటూ తిరిగినా. బండల వేడికి కాళ్ళు బొబ్బలెక్కినాయి. అందరూ నాకు దిష్టి తగిలిందనుకున్నారు. అనుకోనీ.

కడపోడు బతికినాడు. ఒకరోజు చెంచా నీళ్ళు వద్దని ముఖం తిప్పి, మా ఆయన పెరుగన్నం వైపు చూసినాడు. ఆ పెరుగన్నం వాళ్ళిద్దరూ పంచుకున్నారు. నేను చూడనట్టు ఉన్నా.

కానీ మా ఇంట్లో అప్పుడు అందరి ధ్యాసా కడప మీదనే. వదిన రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేది. పిల్ల తిన్నదని చెప్పేది. ఒక పూట తినలేదని చెప్పినప్పుడు మా ఆయన చొక్కా వేసుకుని బస్టాండుకు పోవడానికి తయారైనాడు. మళ్ళీ ఫోన్ వచ్చి, తినకపోవడం కాదు, ఎదురింట్లో మాంసం ముక్కలు తినేసి వచ్చింది, అందుకే కడుపు నిండింది అని చెప్పింది. ఆయన చొక్కా విప్పకుండానే కూచుండిపోయినాడు. అట్లా ఒక నెల గడిచి, వదిన పిల్లకు రెండో సూది, మూడో సూది పడినాక, నేను పోయి అడిగితే డాక్టరమ్మ ఇంక భయం లేదంది.

ఆ తర్వాత ఎప్పుడో ఆసుపత్రికి పోతే, నమూనా జవాబు వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. రెండు ఎ రకమంట, తొడుగులో ఒకటి రెండు చిన్న మార్పులు కూడా ఉన్నాయంట. ఇంతకూ కడపదా, కర్నూలుదా అని అడిగినా. ఆమె ఒక కాగితం మీద పెన్నుతో వంశవృక్షం మాదిరి గీసి చూపించింది. ఒక మొదలు నుంచి కొమ్మలు, కొమ్మల నుంచి రెమ్మలు. ఈ రెమ్మ మీద మన కడపోడి వైరస్, పక్కనే ఎక్కడెక్కడి ఊళ్ళవో, ఎక్కడెక్కడి రాష్ట్రాలవో. జిల్లా సరిహద్దు దీనికి తెలియదు తల్లీ, మనుషులు ఎక్కడికి పోతే అక్కడికి పోతాది, నువ్వు కర్నూలు అని పేరు పెట్టుకో, వదిన కడప అని పెట్టుకోనీ, అది రెండూ వినదు అంది. నాకు ఇంత పెద్ద వాదనలో ఎవరూ గెలవకపోవడం నచ్చలేదు. ఎవరూ గెలవలేదని చెప్పడానికి కూడా ఒక మంచి సమయం చూసుకోవాలనుకున్నా.

ఆ సమయం కడపలో వచ్చింది. ఒక ఆదివారం ఇద్దరం వదిన ఇంటికి పోయినాం. ఆమె వాకిట్లో ముగ్గురు ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. ఆ పిల్ల ఇప్పుడు పిల్ల కాదు, దున్నపోతు మాదిరి ఆమె ఒళ్ళో నిండా పడుకుని ఉంది. వదిన మా ముందర బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టి, వాళ్ళకు కథ చెప్తోంది. కర్నూలు నుంచి రోగం ఎట్లా వచ్చేది ఉండిందో, తాను కొత్త చెప్పులు ఎట్లా త్యాగం చేసిందో, దీన్ని ఎట్లా కాపాడుకుందో. అందులో నా బకెట్టు లేదు, నా బ్లీచింగ్ పౌడరు లేదు.

"కర్నూలుదే అని ఈమె నోటితోనే ఒప్పుకునింది. కావాలంటే అడగండి."

ముగ్గురూ నా వైపు తిరిగినారు. డాక్టరమ్మ గీసిన కొమ్మలు, రెమ్మలు అన్నీ నాలుక కొన మీద ఉన్నాయి. వదిన చేయి ఆ కుక్క పొట్ట మీద, నిద్రపట్టించేటట్టు మెల్లగా జోకొడుతోంది. నేను నోరు తెరిచినా.

"అవును. మా కర్నూలుదే."

మా ఆయన గొంతులో బజ్జీ అడ్డం పడింది. వదిన చేయి ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆమె ముఖంలో రంగు మారింది. గబగబా వంగి కుక్క ముక్కు తడిగా ఉందా లేదా అని ముట్టి చూసింది, చెవుల్లో వేడి చూసింది, పళ్ళు తెరిపించి చిగుళ్ళు చూసింది.

"ఏం మ్మే, ఎందుకొప్పుకుంటాండావు? దీనికేమన్నా అయిందా? ఆ డాక్టరమ్మ ఏమన్నా చెప్పిందా?"

ఏం కాలేదని చెప్పినా. నమ్మలేదు. సూదులన్నీ అయిపోయినాయని, డాక్టరమ్మ భయం లేదన్నదని చెప్పినా. ఇంకా నమ్మలేదు. కుక్కను ఇంకా గట్టిగా పట్టుకుంది, అది ఊపిరాడక మూలిగింది. ఆ మూలుగు విని ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఇంక ఆలస్యం చేస్తే ఈమె ఆసుపత్రికి ఆటో పిలుస్తుంది.

"దానికేం కాలేదు గానీ వదినా, నీ ఉగ్గానిలో ఉప్పు ఎక్కువైంది."

వదిన ముఖం తేటపడింది. కుక్కను వదిలేసింది. కొంగు సర్దుకుని, ముందుకు జరిగి కూచుని, ఎక్కువ గాదు, మీ కర్నూలోళ్ళకు నాలుక చచ్చిపోయింది అని మొదలుపెట్టింది.